మంచు కింద పెద్ద చేప: ఐస్ ఫిషింగ్ రాడ్ ధరలో దేనికి డబ్బు కడుతున్నాం?

డిసెంబర్‌లో సరస్సులు గడ్డకట్టడం మొదలవగానే మినెసోటా, విస్కాన్సిన్, మిషిగన్, ఆంటారియో దుకాణాల్లో ఐస్ ఫిషింగ్ రాడ్లు బారులు తీరతాయి. ఒకదాని ధర 20 డాలర్లు, దాని పక్కదాని ధర 180. రెండూ మూడడుగుల పొడవే, రెండింటి మీదా 'మీడియం హెవీ' అనే రాసి ఉంటుంది. ఆ ప్రాంతాల్లో స్థిరపడి కొత్తగా మంచులో రంధ్రం తొలిచి గాలం వేయాలని సరదా పడే తెలుగువాళ్ళకి ఇక్కడే తికమక మొదలవుతుంది. పట్టాలనుకుంటున్నది పెద్ద చేప కదా, చవక రాడ్ విరిగిపోదా?

ధర పెరిగేకొద్దీ ఐస్ రాడ్‌లో ముఖ్యంగా పెరిగేవి సున్నితత్వం, తేలికదనం. బలం ఆ లెక్కలో పెరగదు. ఎరని మెల్లగా నోట్లోకి పీల్చి వెంటనే ఊదేసే చేప తాకిడిని వేళ్ళదాకా తీసుకురావడానికి ఆ అదనపు డబ్బు పనికొస్తుంది. పది పౌండ్ల పైక్ లాంటి పెద్ద వేటచేప ఎరని కరుచుకుని పోతోందని తెలియడానికి అంత ఖరీదైన కర్ర అక్కర్లేదు. అందుకే వేటచేపల (ఇతర చేపల్ని వేటాడి తినేవాటి) కోసం రాడ్ కొనేవాళ్ళు తక్కువ ఖర్చుతో గట్టెక్కే అవకాశం నిజంగానే ఉంది. అయితే ఏ చేప, ఎంత లోతు, ఏ లైన్ (గాలపు దారం) అన్నది ముందు తేల్చుకోవాలి.

వేటచేపలన్నిటినీ ఒకే గాటన కట్టలేం

నార్తర్న్ పైక్ మన కొర్రమీనులాగా నీటిమొక్కల చాటున కదలకుండా పొంచి ఉండి ఒక్క ఉదుటున మీద పడే చేప. చలికాలంలో ఎక్కువగా 4 నుంచి 12 అడుగుల లోతులో, మొక్కల అంచుల్లో దొరుకుతుంది. స్మెల్ట్, సిస్కో లాంటి చచ్చిన ఎరచేపలని ఇష్టంగా తీసుకుంటుంది. 30 అంగుళాల పైక్ దాదాపు 7 పౌండ్లు తూగితే, 40 అంగుళాలది 17 పౌండ్లకి అటూ ఇటూ ఉంటుంది. మినెసోటా రికార్డు 1929లో బాస్‌వుడ్ సరస్సులో దొరికిన 45 పౌండ్ల 12 ఔన్సుల చేప. కాబట్టి "పెద్ద చేప" అన్నప్పుడు మామూలుగా మనసులో ఉండాల్సింది 7 నుంచి 18 పౌండ్ల మధ్య బరువు.

వాల్‌ఐ అనే చేప తీరు వేరు. మిల్లాక్స్, లేక్ ఆఫ్ ది వుడ్స్ లాంటి సరస్సుల దగ్గర జనం దీనికోసమే గుమిగూడతారు. 28 అంగుళాలది పడిందంటే గొప్పే. కానీ చాలాసార్లు ఇది ఎరని అంటీ అంటనట్టు తాకి వదిలేస్తుంది. లేక్ ట్రౌట్ మళ్ళీ మరో రకం. టొరంటోకి ఉత్తరాన ఉన్న సిమ్‌కో సరస్సులోనో, మినెసోటాలో గన్‌ఫ్లింట్ ట్రెయిల్ వెంబడి ఉన్న సరస్సుల్లోనో 50, 60 అడుగుల లోతున ఎరని వెంటాడి కొడుతుంది. గాలం దిగాక ఆపకుండా కిందికి పరుగు పెడుతుంది.

రాడ్ మీద రాసి ఉండే రెండు మాటలు

పవర్ అంటే రాడ్ వంగడానికి ఎంత బరువు కావాలో చెప్పే మాట. అల్ట్రా లైట్, లైట్, మీడియం లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ అని వరస. యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుందో చెప్పేది. కొస దగ్గర మాత్రమే వంగితే ఫాస్ట్, సగం దాకా వంగితే మోడరేట్.

చిక్కేమిటంటే ఈ మాటలకి అందరూ ఒప్పుకున్న కొలమానం లేదు. ఒక కంపెనీ మీడియం హెవీ ఇంకో కంపెనీ మీడియం కన్నా మెత్తగా ఉండొచ్చు. పైగా అదే కంపెనీ వేసవిలో అమ్మే ఏడడుగుల మీడియం హెవీకీ, చలికాలంలో అమ్మే మూడడుగుల మీడియం హెవీకీ పోలికే ఉండదు. ఐస్ రాడ్ చాలా మెత్తనిది.

అందుకని లేబుల్‌ని నమ్మేకన్నా బరువు కట్టి చూడటం మేలు. రీల్ బిగించి, లైన్ అన్ని రింగుల్లోంచీ లాగి, చివర నీళ్ళ సీసా కట్టి, రాడ్‌ని నేలకి సమాంతరంగా పట్టుకుంటే సరిపోతుంది. అర లీటరు సీసా అంటే అర కిలో, ఒక పౌండు కన్నా కాస్త ఎక్కువ. పైక్‌కీ లేక్ ట్రౌట్‌కీ పనికొచ్చే రాడ్ ఆ బరువుకి కొస భాగంలో వంగి ఆగాలి. లీటరు సీసాకి వంపు నడుము దాకా రావాలి. రెండు లీటర్లకి, అంటే 4.4 పౌండ్లకి, రాడ్ బాగా వంగినా పిడికి పైనున్న జానెడు భాగం వంగకుండా తిన్నగా ఉండాలి. అర లీటరుకే మొదలుదాకా వంగిపోతే అది చిన్న చేపల రాడ్. రెండు లీటర్లకీ కొస మాత్రమే కదిలితే మరీ గట్టిది, గాలం చేప నోట్లోంచి ఊడివచ్చే ప్రమాదం ఎక్కువ.

చేప బరువుకీ రాడ్ మీద పడే బరువుకీ తేడా

చవక రాడ్ విరిగిపోతుందన్న భయం ఎక్కువగా ఒక పొరపాటు లెక్క మీద నిలబడింది. 15 పౌండ్ల చేప అంటే రాడ్ 15 పౌండ్లు మోయాలని అనుకుంటారు. నీళ్ళలో చేపకి బరువు దాదాపు ఉండదు. రాడ్ మీద పడేది చేప లాగే శక్తి. ఆ లాగుడు ఒక హద్దు దాటగానే రీల్‌లోని డ్రాగ్ అనే బిగింపు జారి లైన్ వదులుతుంది. అంటే రాడ్ మీద ఎంత భారం పడాలో నిర్ణయించేది డ్రాగ్.

ఉదాహరణకి 30 పౌండ్ల లాగుడుకి ఆగే బ్రెయిడ్ (పోగులు అల్లిన) లైన్, దాని చివర 20 పౌండ్లకి ఆగే లీడర్ అనే విడి ముక్క కట్టారనుకుందాం. ఈ గొలుసులో బలహీనమైన లంకె 20 పౌండ్ల లీడర్. ముడి దగ్గర ఇంకాస్త తగ్గుతుంది, 16 అనుకుందాం. డ్రాగ్‌ని అందులో మూడోవంతు లోపు పెట్టడం వాడుక, అంటే 4 నుంచి 5 పౌండ్లు. ఇందాకటి రెండు లీటర్ల సీసా ఇక్కడా పనికొస్తుంది. సీసాని లైన్‌కి కట్టి మెల్లగా పైకెత్తినప్పుడు రీల్ జారుతూ, కుదుపు లేకుండా లైన్ వదలాలి. 25 డాలర్ల మీడియం హెవీ రాడ్ ఈ 4, 5 పౌండ్లని రోజంతా మోస్తుంది.

ఇక్కడే నాసిరకం రీల్ బయటపడుతుంది. డ్రాగ్ కాసేపు పట్టేసి, తర్వాత ఒక్కసారిగా జారుతుంది. 4 పౌండ్లకి పెట్టిన డ్రాగ్ కదలడానికి మొదట 8 పౌండ్లు కావాల్సి వస్తే ఆ తొలి క్షణంలోనే సన్నటి లైన్ తెగొచ్చు, లేదా గాలం ఊడిరావచ్చు. నింద రాడ్ మీద పడుతుంది. రాడ్, రీల్ కలిపి 30 డాలర్లకి అమ్మే జతల్లో రాడ్ చాలాసార్లు బాగానే ఉంటుంది, రీలే కొరగానిది. దానికి తోడు సున్నాకి 15, 20 డిగ్రీలు తక్కువ చలిలో లోపలి గ్రీజు చిక్కబడితే హ్యాండిల్ బరువెక్కుతుంది, వెనక్కి తిరగకుండా ఆపే బేరింగ్ పట్టు తప్పుతుంది. అప్పుడు గాలం బిగించబోతే హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరుగుతుంది.

పొడవు ఎంత ఉండాలి: వంపు లెక్క

ఐస్ రాడ్లు ఎక్కువగా 24 నుంచి 42 అంగుళాల దాకా దొరుకుతాయి. పెద్ద చేప తల విదిలించినప్పుడు రీల్ స్పందించేలోపు ఆ కుదుపుని మింగేది రాడ్ వంపే. ఆ వంపు ఎంత లైన్ ఇవ్వగలదో ఉజ్జాయింపుగా లెక్క కట్టొచ్చు. పిడి తీసేశాక మిగిలిన భాగం పావు వలయంలా వంగితే, కొస కిందికి దిగే దూరం ఆ పొడవులో దాదాపు 64 శాతం.

28 అంగుళాల రాడ్‌లో పిడికి 8 పోతే 20 మిగులుతుంది, కొస 13 అంగుళాలు దిగుతుంది. 36 అంగుళాల రాడ్‌లో 28 మిగులుతుంది, 18 అంగుళాలు దిగుతుంది. 42 అంగుళాల రాడ్‌లో పిడి కాస్త పెద్దది, 10 అనుకుంటే 20 అంగుళాల పైచిలుకు. 28 నుంచి 36కి వెళ్ళినప్పుడు దక్కిన 5 అంగుళాల మెత్తదనం చిన్న విషయం కాదు. అక్కడినుంచి 42కి వెళితే కలిసొచ్చేది రెండున్నర అంగుళాలే.

ఆ రెండున్నర అంగుళాలకి చెల్లించాల్సిన మూల్యం మంచు మీద రంధ్రం చుట్టూ వేసుకునే టెంటులో తెలుస్తుంది. కూర్చుని చేపని రంధ్రం దాకా తెచ్చాక ఒక చేత్తో రాడ్ పైకెత్తి, ఇంకో చేత్తో లీడర్ అందుకోవాలి. పొడవాటి రాడ్ కొస టెంటు పైకప్పుకి తగులుతుంది, చెయ్యి రంధ్రాన్ని అందుకోదు. ఆరుబయట నిలబడి లేక్ ట్రౌట్ పట్టేవాళ్ళకి 40, 42 అంగుళాలు హాయి. టెంటులో కూర్చునేవాళ్ళకి 32 నుంచి 36. రెండూ చేసేవాళ్ళకి 36 అంగుళాలు అన్నిటికన్నా తక్కువ ఇబ్బంది పెడుతుంది.

గ్లాస్ ఫైబరా, గ్రాఫైటా?

గ్లాస్ ఫైబర్ రాడ్ బరువెక్కువ, బాగా వంగుతుంది, దెబ్బలకి తట్టుకుంటుంది, చవక. గ్రాఫైట్ తేలిక, గట్టిది, తాకిడిని చక్కగా చేతికి చేరవేస్తుంది, కానీ గీతపడితే అక్కడే విరుగుతుంది. గ్రాఫైట్‌లోనూ లోపల బోలుగా ఉన్నదానికన్నా నిండుగా ఉన్నది మొరటు వాడకానికి ఆగుతుంది. రెండు పదార్థాలనీ కలిపి చేసేవి మధ్యరకం. తక్కువ ధరలో పేరున్న అగ్లీ స్టిక్ ఈ కోవదే, దాని కొస గ్లాస్ ఫైబర్‌తో ఉంటుంది.

ఐస్ రాడ్లు చేపతో పోరాడుతూ విరగడం అరుదు. మంచు మీద సామాను లాగే స్లెడ్‌లో ఆగర్ (రంధ్రం తొలిచే బరమా) పక్కన పడేసినప్పుడో, టెంటు మడిచేటప్పుడు ఇరుక్కున్నప్పుడో కంటికి కనిపించని గీత పడుతుంది. వారం తర్వాత ఓ చేప లాగినప్పుడు అక్కడ పుటుక్కుమంటుంది. విరగడానికి రెండో కారణం, చేప రంధ్రం దగ్గరకి వచ్చాక రాడ్‌ని నిటారుగా పైకెత్తడం. లైన్ కిందికి, రాడ్ పైకి ఉంటే భారమంతా సన్నటి కొస మీద పడుతుంది. గ్రాఫైట్ ఈ తప్పుని క్షమించదు, గ్లాస్ ఫైబర్ చాలాసార్లు క్షమిస్తుంది. కొత్తవాళ్ళ విషయంలో చవక రాడ్ ఖరీదైనదానికన్నా ఎక్కువ కాలం బతకడానికి కారణం ఇదే.

గ్రాఫైట్ పక్షం వాదన కొట్టిపారేసేది కాదు. 25 అడుగుల లోతులో వాల్‌ఐ ఎరని ముట్టుకుని వదిలేసే ఆ అర సెకను గ్లాస్ రాడ్‌లో తెలియకుండానే పోవచ్చు. రోజంతా ఎరని నీళ్ళలో పైకీ కిందికీ ఎగరేస్తూ కూర్చునేవాళ్ళకి రాడ్ బరువు కూడా మణికట్టుకి తెలుస్తుంది. రాడ్‌ని స్టాండులో పెట్టి చచ్చిన ఎరతో పైక్ కోసం కాచుకునేవాళ్ళకి మాత్రం ఈ రెండూ వర్తించవు.

లైన్ మారితే రాడ్ లెక్క మారుతుంది

ఒకే పోగుతో ఉండే మోనోఫిలమెంట్ (మోనో) లైన్ సాగుతుంది, బ్రెయిడ్ దాదాపు సాగదు. మోనో 10 శాతం సాగిందనుకుంటే, 10 అడుగుల లోతులో అది ఒక్క అడుగు. అదే 60 అడుగుల లోతులో ఆరడుగులు. రాడ్‌ని ఎంత గట్టిగా ఎత్తినా, ఆ ఆరడుగుల సాగుడులోనే సగం ఊపు పోతుంది, ట్రౌట్ గట్టి దవడలో గాలం దిగదు. అందుకే లోతులో చాలామంది బ్రెయిడ్ వాడతారు. సాగని లైన్‌కి తోడు బిర్రుగా ఉండే రాడ్ కూడా వాడితే కుదుపు మింగేది ఏదీ మిగలదు. బ్రెయిడ్ వాడేవాళ్ళకి కాస్త మెత్తగా, సగం దాకా వంగే రాడ్ నప్పుతుంది. తక్కువ లోతులో మోనోతో పైక్ పట్టేవాళ్ళకి ఇంకొంచెం గట్టి రాడ్ ఉన్నా ఇబ్బంది లేదు.

చలి సంగతి కూడా చూడాలి. బ్రెయిడ్ నీళ్ళు పీల్చుకుని ఆరుబయట తీగలా గట్టిపడుతుంది, రింగుల్లో మంచు పేరుస్తుంది. వేడి టెంటులో ఆ బాధ లేదు. బయట కూర్చునేవాళ్ళు 10, 12 పౌండ్ల మోనోకే మొగ్గుతారు. లైన్ ఏదైనా పైక్ పళ్ళకి ఆగదు కాబట్టి చివర జానెడో, మూరెడో స్టీల్ తీగ లీడర్ ఉండాలి. మూడు, నాలుగు డాలర్ల ఈ ముక్క లేకపోతే 180 డాలర్ల రాడ్ కూడా ఉత్త చేతులతో ఇంటికి పంపుతుంది.

రంధ్రం అంచున ఏం జరుగుతుంది

పెద్ద పైక్‌లు ఎక్కువగా తప్పించుకునేది ఇక్కడే. చలికాలం చివరికి ఉత్తర మినెసోటాలో మంచు రెండడుగులు దాటుతుంది. చేప కింద అడ్డంగా ఈదుతూ ఉంటుంది. ఆ అడ్డం దేహాన్ని తిప్పి, తలని 8 అంగుళాల సొరంగంలోకి నిలువుగా తేవాలి. చేప మొదటిసారి వెలుగు చూడగానే తల విదిల్చి మళ్ళీ కిందికి దూకుతుంది. లైన్ మంచు అడుగు అంచుకి రాసుకుంటుంది. రెండు గాలాలున్న ఎర అయితే బయట వేలాడే గాలం మంచుకి గుచ్చుకుంటుంది, చేప దాన్నే ఆనుగా పట్టి విడిపించుకుపోతుంది.

ఈ క్షణంలో పనికొచ్చేవి మూడే: అడ్డంకి లేకుండా జారే డ్రాగ్, కొసని నీళ్ళలోకి దించి లైన్‌ని రంధ్రం మధ్యలో ఉంచగల పొడవు, తగినంత పెద్ద రంధ్రం. 40 అంగుళాల చేపకి 10 అంగుళాల రంధ్రం చాలా తేలిక చేస్తుంది. ఒక్కోసారి కొత్త రాడ్ కన్నా పెద్ద ఆగర్ అద్దెకి తెచ్చుకోవడం ఎక్కువ ఫలితమిస్తుంది.

దొరికిన చేపని వదిలేయాల్సిన నియమాలు కూడా రాడ్ ఎంపికలోకి వస్తాయి. 2018లో మినెసోటా పైక్ కోసం రాష్ట్రాన్ని మూడు మండలాలుగా విడగొట్టింది. ఈశాన్య మండలంలో 30 నుంచి 40 అంగుళాల పైక్‌ని, ఉత్తర మధ్య మండలంలో 22 నుంచి 26 అంగుళాలదాన్ని వదిలేయాల్సిందే. మరీ మెత్తటి రాడ్‌తో చాలాసేపు లాగితే చేప అలిసిపోతుంది. బయటికొచ్చాక ఆ చలిగాలికి దాని కళ్ళు, మొప్పలు గడ్డకట్టే ప్రమాదం ఉంది. వదిలేయాల్సిన చేపని త్వరగా పైకి తెచ్చి త్వరగా నీళ్ళలో పెట్టగలిగే గట్టిదనం రాడ్‌లో ఉండటం న్యాయం.

రింగులు, పిడి

చవక రాడ్లలో రింగుల రంధ్రాలు చిన్నవిగా ఉంటే మాటిమాటికీ మంచు తీయాల్సి వస్తుంది. వేలిగోటితో గిల్లితే లోపలి సిరామిక్ వలయం ఊడిపోవచ్చు. కొసని రంధ్రంలోని నీళ్ళలో కాసేపు ముంచితే మంచు దానంతటదే కరుగుతుంది. సిరామిక్ పగిలిందేమో చూడటానికి చెవులు తుడుచుకునే దూది పుల్లని రింగులోంచి తిప్పితే చాలు, దూది పోగు చిక్కుకున్నచోట చీలిక ఉన్నట్టే. ఆ చీలిక బ్రెయిడ్‌ని కత్తిలా కోస్తుంది. పిడి కార్క్‌దైనా ఫోమ్‌దైనా తేడా స్వల్పం. రీల్ పట్టే చోట బయటికి తేలిన ఇనుప ముక్క మాత్రం చలిలో వేళ్ళని కొరికేస్తుంది.

వంద డాలర్లని ఎలా పంచుతారు

పైక్ కోసం, వేడి టెంటులో, 8 అడుగుల లోతులో కూర్చునే మనిషిని తీసుకుందాం. 36 అంగుళాల మీడియం హెవీ గ్లాస్ లేదా మిశ్రమ రాడ్‌కి 25 నుంచి 30, డ్రాగ్ నున్నగా జారే 2000 లేదా 2500 సైజు స్పిన్నింగ్ రీల్‌కి 40, లైన్, లీడర్లకి 20. మిగిలిన పది డాలర్లు రాడ్ స్టాండుకి. స్టాండు లేకుండా మంచు మీద పెట్టిన రాడ్‌ని పైక్ ఒక్క గుంజుకి రంధ్రంలోకి లాక్కుపోవడం కొత్తవాళ్ళకి తరచూ జరిగేదే.

సిమ్‌కోలో 60 అడుగుల లోతున ట్రౌట్ కోసం అరౌన్సు, ముప్పావు ఔన్సు ఎరలు ఎగరేసేవాళ్ళ లెక్క వేరు. మరీ మెత్తటి గ్లాస్ రాడ్ ఆ బరువుకే సగం వంగి ఉంటుంది, ఇక చేప తగిలిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇక్కడ 45 నుంచి 60 డాలర్ల నిండు గ్రాఫైట్ రాడ్‌కి ఇచ్చిన డబ్బు వృథా కాదు. వాల్‌ఐ ప్రధానంగా, పైక్ అప్పుడప్పుడూ అనుకునేవాళ్ళకి 30, 32 అంగుళాల మీడియం చాలు. అది డ్రాగ్ సరిగ్గా ఉంటే పది పౌండ్ల పైక్‌ని పైకి తెస్తుంది, కాకపోతే ఓపిక పట్టాలి.

అసలు రాడ్ ఎందుకు అనేవాళ్ళు

పైక్ కోసం రాడ్ కన్నా టిప్-అప్ మేలనే వర్గం బలమైనది. రంధ్రం మీద పెట్టే ఈ పరికరం చేప లాగగానే చిన్న జెండా లేపుతుంది. 15, 20 డాలర్లకి వస్తుంది. రీల్ గడ్డకట్టే గొడవ లేదు. తర్వాత లైన్‌ని చేతులతో లాగాలి. అప్పుడు డ్రాగ్ పని వేళ్ళే చేస్తాయి, తడి చేతితో అంత చలిలో అది తేలిక కాదు. మినెసోటాలో మంచు మీద ఒక మనిషికి రెండు లైన్లు వేసే అనుమతి ఉంది కాబట్టి చాలామంది ఒక టిప్-అప్, ఒక రాడ్ పెట్టుకుని రెండు వాదనలకీ న్యాయం చేస్తారు.

విరిగిన ఏడడుగుల రాడ్ పైముక్కకి పిడి బిగించి వాడేవాళ్ళూ ఉన్నారు. ఖర్చు దాదాపు లేదు. అయితే కొస ముక్క తీసుకుంటే మెత్తగా అవుతుంది, కాస్త కిందినుంచి కోస్తే కర్రలా బిగుసుకుంటుంది. మధ్యలో ఎక్కడ కోయాలో తేల్చేది మళ్ళీ నీళ్ళ సీసాలే.

కొనే కాలానికీ ధరకీ సంబంధం ఉంది. మినెసోటాలో రాష్ట్ర సరిహద్దుకి లోపలున్న సరస్సుల్లో వాల్‌ఐ, పైక్ సీజన్ ఫిబ్రవరి చివర్లో ముగిశాక దుకాణాలు చలికాలపు సరుకుని తగ్గింపు ధరకి పెడతాయి. అప్పటికి 24, 26 అంగుళాల చిన్న రాడ్లు కుప్పలుగా మిగిలి ఉంటాయి. 36 అంగుళాల మీడియం హెవీలు తక్కువగా తెస్తారు కాబట్టి ముందే అయిపోతాయి. దొరికినదాన్ని రీల్ బిగించి, కొసనుంచి మొదలుదాకా వేలిగోటితో మెల్లగా రాస్తూ గీతలున్నాయేమో చూసి, రింగులన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో కన్ను ఆనించి చూశాకే బిల్లు కట్టాలి.